యాభై కేబీల అక్క

నేను బతికేది ఫోటోలు చిన్నవి చేసి. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌నని గొప్పగానే చెప్తాను గానీ, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నేను చేసేది ఇదొక్కటే. కరీంనగర్‌లో మాదొక ప్రైవేటు జూనియర్ కాలేజీ. కొత్తగా చేరిన పిల్లలందరి ఫోటోలు స్కాలర్‌షిప్ సైట్‌లోకి ఎక్కించాలి. యాభై కేబీలు దాటిన ఫోటో ఆ సైటుకు గొంతు దిగదు. పిల్లలేమో కొత్త ఫోన్లతో తీసుకున్నవి పంపుతారు, ఒక్కొక్కటి ఐదారు ఎంబీలు. ఒకడు చలువద్దాలు పెట్టుకుంటాడు. ఒకమ్మాయి నెత్తిమీద కుక్కచెవులు మొలిచిన ఫోటో పంపింది. ఇదేందమ్మా అంటే, మంచిగొచ్చింది కదా సార్ అన్నది.

మొదటి రెండేళ్లు ఒక్కొక్క ఫోటోనే తెరిచి, కత్తిరించి, తగ్గించి, మళ్లీ దాచేవాణ్ని. మూడు వందల పైచిలుకు మొహాలు. వారం గడిచేసరికి బజార్లో ఎదురైన మనిషి కూడా చుట్టూ గీత గీసినట్టు కనబడేవాడు. ఆ తర్వాత వెతగ్గా వెతగ్గా బ్రౌజర్‌లోనే పనిచేసే ఒక పేజీ దొరికింది. తెర మధ్యలో చుక్కల గీతలతో ఒక డబ్బా ఉంటుంది. ఫోల్డర్‌లో ఉన్న ఫోటోలన్నీ ఒకేసారి పట్టి లాక్కొచ్చి అందులో పడేయాలి. వెడల్పు ఎంత కావాలో, ఎన్ని కేబీలు దాటొద్దో చెప్పి బటన్ నొక్కితే, మనం చాయ్ తాగి వచ్చేలోపు అన్నీ చిన్నవై ఒకే మూటగా కిందికి దిగి ఉంటాయి. వారం పని పావుగంటకు వచ్చింది. ఈ సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంకో పని అంటగడతారు.

ఆ పేజీలో వెడల్పుకూ ఎత్తుకూ మధ్య చిన్న తాళం బొమ్మ ఉంటుంది. తాళం వేసి ఉంటేనే మొహం మొహంలాగా తగ్గుతుంది. మొదటిసారి నేను దాన్ని చూసుకోలేదు. రెండు వందల మంది పిల్లలు సొరకాయల్లాగా సాగి బయటికొచ్చారు. ప్రిన్సిపాల్ తెర ముందు వంగి చూసి, "ఏందయ్యా, హాస్టల్ల తిండి గంత అధ్వానంగున్నదా?" అని అడిగాడు. అప్పటి నుంచి తాళం చూడకుండా బటన్ నొక్కలేదు. పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. మీ ఫోటోలు మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోవు, మా దగ్గర ఏదీ ఉంచుకోము అని. ఆడపిల్లల ఫోటోలు కదా, ఆ మాట చదివినప్పుడు నాకు నిమ్మళమైంది.

నేను కాక ఆ పేజీ పనిచేస్తుంటే కూర్చుని చూసిన మనిషి మా అక్క ఒక్కతే.

మా ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరం. మరమగ్గాల ఊరు. మేం వాటిని సాంచలంటాం. మా అవ్వ, అంటే అమ్మ, చనిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు, అక్కకు పదహారు. బాపు పొద్దంతా సాంచల మీద నిలబడేవాడు. అక్క ఇంటి వెనక గడపలో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని, బీడీలు చుడుతూ నన్ను పెంచింది. అదే వాడలో బావను చేసుకున్నాక నన్ను కూడా కట్నంలో భాగమన్నట్టు వెంట తీసుకుపోయింది. ఈ మాట బావే అందరితో అనేవాడు, నవ్వుతూ. బావ కూడా సాంచల మనిషే. ముప్పై ఏళ్లు ఆ మోతలో నిలబడి చెవులు సగం పోయాయి. అందుకే మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటూనే ఊరంతా వినేటట్టు మాట్లాడతాడు.

అక్కకు కోపమొస్తే ఒకటే తిట్టు. "చెప్పిన మాట ఎన్నడన్న విన్నరా మీరు?" మీరు అంటే నేనూ, ఆమె బిడ్డా. నిజంగానే మేం ఎన్నడూ వినలేదు. ఇంజనీరింగ్ చదవమంటే నేను చదవలేదు. నెత్తికి నూనె పెట్టుకొమ్మంటే మేనకోడలు పెట్టుకోలేదు. ఆమె మాటకు మేమిద్దరం కూడబలుక్కుని ఎదురు పోయేవాళ్లం. అది మా ఇంట్లో ఒక ఆట.

మేనకోడల్ని డిగ్రీలో చేర్పించడానికి కరీంనగర్ వచ్చిన రోజు అక్క మా ఆఫీసుకొచ్చింది. స్టూలు మీద ముడుచుకుని కూర్చుని నా తెర వైపు చూసింది. అప్పుడే నేను మూడు వందల ఫోటోలు ఆ డబ్బాలో పడేశాను. ఒకటొకటిగా పక్కన పచ్చటి టిక్కులు పడుతున్నాయి.

"గివన్ని ఒక్కపారే చిన్నగైతయా?"

"ఐతయక్కా."

"మంచి పని," అన్నది. కొంచెంసేపు చూసి, "పెద్దగ చేసే పని కాదు గద. గది చాలు," అన్నది.

ఎందుకట్లా అన్నదో నాకు తెలుసు. మా దిక్కు గోడ మీద పెద్ద ఫోటో అంటే దానికో దండ ఉంటుంది. బతికున్న మనిషి ఫోటో పెద్దది చేయించడానికి చాలామంది జంకుతారు. మా ఇంట్లో దీనికి సాక్ష్యం కూడా ఉంది. ఒక దసరాకు బాపుకు ఏం సంబురమొచ్చిందో, మా ఊరి స్టూడియోకు అవ్వను తీసుకుపోయి ఫోటో తీయించి, జానెడు కాదు, మూరెడు చేయించి, అద్దం కట్టించి తెచ్చాడు. ఇల్లంతా ఆమే ఉన్నట్టుందని మురిసిపోయాడు. ఐదు నెలలకు పచ్చకామెర్లతో అవ్వ పోయింది. కొత్తగా ఫోటో చేయించే పనే పడలేదు. ఉన్నదానికే దండ వేశారు. ఆ దండ వేసింది అక్కే. అప్పటి నుంచి ఆమె ఒక మాట పట్టుకుంది. "ఫోటో చిన్నగున్నన్ని రోజులు మనిషి ఇంట్ల ఉంటది. పెద్దగైతే గోడకెక్కుతది."

నేను డిగ్రీ చదివినవాణ్ని. ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. మరి సినిమా వాళ్ల ఫోటోలు చౌరస్తాలో ఇంతింత ఉంటాయి, వాళ్లందరూ పోయారా అక్కా అనేవాణ్ని. "వాళ్లకు మనసొంటోళ్ల గోస తాకుతదా?" అనేది. దానికి అర్థమేంటో ఆమెకూ తెలియదనుకుంటాను.

ఆ రోజు సాయంత్రం వాళ్లను బస్టాండ్‌లో ఎక్కించడానికి పోయాను. చెరుకు రసం తాగుదామన్నాను. అక్క ఫోటో అంటే ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముందు పళ్ల మధ్య సందు ఉంటుంది, అది కనబడొద్దని. ఆ రోజు ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గ్లాసు. రసం నురగ నా మీసాలకు అంటుకుందట, అది చూసి నవ్వింది. కొంగు లాక్కోవడానికి చెయ్యి ఖాళీ లేదు. టక్కున ఫోటో తీశాను. కొత్త ఫోన్. వేళ్లతో సాగదీసి చూస్తే అన్నీ కనబడుతున్నాయి. పళ్ల సందు, ముక్కుపుల్ల, చెవి దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు, ఆకు కత్తిరిస్తూ బొటనవేలు కోసుకున్న పాత గాటు, గోటి కింద తంబాకు పొడి. బతుకంతా ఉంది అందులో. మేనకోడలికి అప్పుడే పంపాను. "తీసెయ్, నాది పెద్దగ ఉంచకు," అన్నది అక్క. ఎప్పటిలాగే వినలేదు.

ఏడాది తిరిగేసరికి అక్కకు దగ్గు పట్టుకుంది. ముందు మామూలు దగ్గన్నారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరన్నారు. కరీంనగర్ తీసుకొచ్చి ఒక దవాఖానలో చేర్పించాం. బావా, మేనకోడలూ అక్కడే ఉన్నారు. నేను పొద్దున ఒకసారి పోయి, కాలేజీకి వచ్చి, సాయంత్రం మళ్లీ పోయేవాణ్ని. జూలై నెల. పిల్లల ఫోటోలు వచ్చి పడుతున్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం, అందరూ అన్నానికి లేచాక, మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, అమ్మకు ఆక్సిజన్ పెట్టిండ్రు. డాక్టర్ నిన్ను రమ్మంటుండు." వస్తున్నానని చెప్పి లేచాను. లేచినవాణ్ని మళ్లీ కూర్చున్నాను. తెర మీద ఆ పేజీ తెరిచే ఉంది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఎవరికీ చెప్పుకునే పని కాదు. నా ఫోన్ నిండినప్పుడల్లా ఫోటోలు ఆఫీసు కంప్యూటర్‌లోకి మార్చుకునేవాణ్ని. అందులో అక్క పేరుతో ఒక ఫోల్డర్. నలభై ఒక్క ఫోటోలు. కొంగు అడ్డం పెట్టుకున్నవి నలభై. చెరుకు రసం ఒకటి. వాటిని చూస్తుంటే, ఇవన్నీ ఎంత పెద్దవో కదా అని భయమేసింది. ఎవరో వచ్చి వీటిలోంచి ఒకటి ఏరుకుపోతారనిపించింది. గోడకు సరిపోయేది కళ్లముందు తయారుగా ఉన్నట్టనిపించింది.

నలభై ఒక్కటీ పట్టి డబ్బాలో పడేశాను. రెండు వందల వెడల్పు, యాభై కేబీలు. తాళం చూసుకున్నాను. అంత భయంలోనూ అక్క మొహం సాగొద్దని తాళం చూసుకున్నాను. బటన్ నొక్కాను. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత పెద్దవన్నీ తీసేశాను. చెత్తబుట్టలోంచి కూడా ఖాళీ చేశాను. ఫోన్లో మిగిలినవి, మేనకోడలికి పంపినప్పుడు నా ఫోన్లో ఉండిపోయింది, అన్నీ వెతికి వెతికి తుడిచాను. పెద్ద పని ముగించినట్టు గుండె తేలికైంది, అప్పుడు దవాఖానకు పోయాను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఆ పూట నాకు డాక్టర్ కంటే ఆ పేజీ మీదనే నమ్మకం ఎక్కువగా ఉంది.

తెల్లవారి నేను మళ్లీ పోయేసరికి అక్క దిండుకు ఆనుకుని కూర్చుంది. మేనకోడలు చాయ్ పట్టుకుంటే నాలుగు గుక్కలు తాగింది. "చక్కెర తక్కువైంది," అన్నది. ఆ మాటకు మేం ముగ్గురం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. నావల్లే, నావల్లే అని లోపల ఒకటే మాట.

నాలుగు రోజులకు అక్క పోయింది.

పోయిన మూడో రోజు బావ నన్ను పక్కకు పిలిచాడు. పక్కకు పిలిచాడన్న మాటే గానీ వాడకట్టంతా విన్నది. "మీ అక్క ఫోటో జర పెద్దగ చేయించు. పదకొండో నాటికి గోడకు పెట్టాలె. నీకాడ మంచిది ఉంటది గద, గా బస్టాండ్‌ల తీసింది. బిడ్డ నాకు సుత చూపించె. నవ్వుకుంటుండె." తలూపాను. పెళ్లి ఫోటో పెడదాం బావా అన్నాను. "పెండ్లినాటి పోరిని గోడకెక్కిస్తనా? నా బిడ్డకన్న చిన్నగుంటది," అన్నాడు. ఆధార్ కార్డు మీద ఒకటుంది గానీ, అది చూసి అక్కే "గీ దొంగముండ ఎవరు" అనేది.

మేనకోడల్ని అడిగాను. నీ ఫోన్లో ఉండాలి కదా, ఆ రోజే పంపాను కదా అని. "ఫోన్ మార్చిన మామా. పాతయి రాలే," అన్నది, అటు తిరిగి. మరి నీకాడ లేదా అని ఆమె అడిగింది. "ఫోన్ నిండిందని తీసేసిన," అన్నాను, ఇటు తిరిగి.

స్టూడియోకు పోయాను. మా అవ్వ ఫోటో తీసిన స్టూడియోనే. అప్పటి యువకుడు ఇప్పుడు తెల్లగడ్డం చాచా. నా పెన్‌డ్రైవ్ పెట్టి, చిన్న ఫోటో తెరిచి, మెల్లగా పెంచాడు. కొంచెం పెంచే దాకా అక్క నవ్వుతూనే ఉంది. ఇంకొంచెం పెంచాక నవ్వు కరిగింది. తర్వాత గళ్లు గళ్లుగా విడిపోయింది, మా సాంచల మీద నేసే చౌకరకం లుంగీలాగా. పళ్ల సందు ఉండాల్సిన చోట బూడిదరంగు గడి ఒకటి. బొటనవేలు లేనే లేదు.

"అసలుది తే బేటా," అన్నాడు చాచా. "గిండ్ల మొకం లేదు. మొకం జాగల రంగులే ఉన్నయి."

"అసలుది లేదు చాచా."

"నువ్వు కంప్యూటర్ పని చేస్తవు గద. గట్లెట్ల పోనిచ్చినవ్?"

పెద్దదాన్ని చిన్నది చేయడానికి నాకు నిమిషం చాలు. చిన్నదాన్ని పెద్దది చేయడం ఈ లోకంలో ఎవరివల్లా కాదని నాకంటే బాగా తెలిసినవాడు మా ఊళ్లో లేడు. తెలిసీ చేశాను. చాచా నా మొహం చూశాడు. "ఫికర్ చేయకు. గిప్పుడు కొత్త మిషిని వచ్చింది, లేని మొకాన్ని సుత తయారు చేస్తది. చూద్దం," అన్నాడు.

మరుసటి రోజు బావను కూడా తీసుకుపోయాను. తెర మీద ఒక ఆడమనిషి. అక్క చీరే. అక్క ముక్కుపుల్లే. చర్మం మాత్రం పాలమీగడలా ఉంది. పళ్లు వరసగా, సందు లేకుండా. గ్లాసు పట్టుకున్న వేళ్లు ఎన్నడూ కత్తెర పట్టనివి. చాచా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. బావ చాలాసేపు చూశాడు. దగ్గరికి పోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"మంచిగున్నది," అన్నాడు. "గీమె ఎవరు?"

షాపులో ఫోటోల కోసం నిలబడ్డవాళ్లందరూ మా వైపు తిరిగారు. చాచా తెర ఆర్పేశాడు. "మాఫ్ చేయండి అన్నా," అన్నాడు. బావ ఏమీ వినిపించుకోలేదు. నేను రోడ్డు మీదికొచ్చి, ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సిగ్గు విడిచి ఇంకో పని కూడా చేశాను. కాలేజీకి పోయినప్పుడు ఆ పేజీ తెరిచి పైనుంచి కింది దాకా వెతికాను. ఎక్కడైనా ఒక మూల, పాతవి దాచే చోటు ఉంటుందేమోనని. అడుగున అదే సన్నమాట. మీ ఫోటోలు ఎక్కడికీ పోవు, మా దగ్గర ఏదీ ఉంచుకోము. మొదటిసారి నిమ్మళమనిపించిన మాట. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. ఉన్నదున్నట్టే చెప్పింది.

చివరికి చాచా ఆ చిన్న ఫోటోనే, ఎంతవరకు మొహం నిలబడుతుందో అంతవరకే అచ్చు వేసి ఇచ్చాడు. పాస్‌పోర్ట్ సైజు కంటే గోరంత పెద్దది. దానికో చిన్న ఫ్రేము కట్టాడు. డబ్బులిస్తే నా చెయ్యి మూసేశాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాయి, చుట్టాలు పోయారు. నేను ఇంటి వెనక గడపలో, అక్క కూర్చునే చోట కూర్చున్నాను. మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఆమె చేతిలో అక్క చేట ఉంది. అంచుల్లో ఇరుక్కున్న తంబాకు పొడిని గోటితో తీస్తోంది. నెత్తికి నూనె పెట్టుకుని, బిగుతుగా జడ వేసుకుంది. లోపల బావ గోడకు మేకు కొడుతున్నాడు.

"మామా, నీకొకటి చెప్పాలె. తిట్టద్దు."

"చెప్పు."

"నేను ఫోన్ మార్చలే." చేట వైపే చూస్తోంది. "అమ్మకు ఆక్సిజన్ పెట్టిండ్రు చూడు, గా నాడు తీసేసిన. నీకు ఫోన్ చేసినంక, దవాఖాన మెట్ల మీద కూసోని. నా ఫోన్ల అమ్మయి ఎన్నున్నయో అన్ని తీసేసిన. పెద్దగుంటే గోడకెక్కుతది అంటుండె గద." గోరు చేట అంచు మీద ఆగింది. "తెల్లారి చాయ్ తాగింది, యాదికున్నదా? నావల్లనే అనుకున్న."

ఒకే మధ్యాహ్నం. ఆమె మెట్ల మీద, నేను తెర ముందు. ఇద్దరిలో ఏ ఒక్కరం చేయకపోయినా అక్క ఇప్పుడు గోడ మీద నవ్వుతూ ఉండేది.

"నేను సుత గంతే, బిడ్డా," అన్నాను. జరిగింది చెప్పాను. తాళం చూసుకున్న సంగతి కూడా చెప్పాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు లేదు గానీ, అచ్చం అక్కలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడు తిట్టేది కద, మామా, చెప్పిన మాట వినరు, వినరు అని. మనమిద్దరం ఇన్నేండ్లకు ఒక్క మాట విన్నం."

లోపల మేకు కొట్టే చప్పుడు ఆగింది. "ఈడికెల్లి మొకం కనబడ్తలేదు, ఇంకింత కిందికి కొట్టాల్నా?" అని బావ అడుగుతున్నాడు, వాడకట్టంతా వినేటట్టు. ఇద్దరం లేచి లోపలికి పోయాం.